గాయపడ్డవాడే గాయపరిస్తే

గూడెంలో ఒక తప్పు జరిగి పంచాయతీ కూర్చున్నప్పుడు రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి: "పాపం, వాడి బతుకే అలాంటిది. చిన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి తాగుడుకు పడ్డాడు, వాడికి మంచీ చెడూ చెప్పినవాళ్లెవరు?" రెండోది: "కష్టాలు ఎవరికి లేవు? కష్టపడ్డవాళ్లంతా పక్కవాడి కొంప ముంచుతున్నారా?" ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి, ఒకే చెట్టు కింద అంటారు. రెండింటిలోనూ నిజం ఉందని కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. రెండింటినీ కలిపి ఎలా పట్టుకోవాలో తెలియక, చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వారి మాటే నిలుస్తుంది.

కష్టమైన గతం ఉన్న మనిషి మరొకరికి చేసిన హానిని మనం ఎలా చూడాలి? ఈ ప్రశ్నను మన గూడెం మనుషుల మీదే పెట్టి ఆలోచిస్తే మన చుట్టరికాలు, పాత పగలు అడ్డొస్తాయి. అందుకే ఒక దూరపు కథను తీసుకుందాం. అది ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. ఇలాంటి పుస్తకంలో ఈ కథేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ మాటకూ జవాబు చెప్పుకుందాం. ముందు కథ.

అమెరికా నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1956లో ‘జొవానీస్ రూమ్’ అనే నవల ప్రచురించారు. జొవానీ గది అని అర్థం. బాల్డ్విన్ 1924లో న్యూయార్క్ నగరంలోని హార్లెంలో పుట్టారు. తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడు. ఇంట్లో పేదరికం, బయట వర్ణవివక్ష. 1948లో చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే పారిస్ వెళ్లిపోయారు. 1953లో వచ్చిన ఆయన మొదటి నవల హార్లెం నల్లవారి చర్చి జీవితం మీద రాసింది. దాంతో పేరు వచ్చింది. రెండోది కూడా నల్లవారి గురించే ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆయన రాసింది పారిస్‌లో ఇద్దరు తెల్లవాళ్ల ప్రేమ గురించి. మొదటి నవల వేసిన సంస్థ దీన్ని తిరస్కరించింది. మరో సంస్థ వేసింది. అప్పటికి అమెరికాలోని ఏ రాష్ట్రంలోనైనా మగవాళ్ల మధ్య శారీరక సంబంధం నేరమే.

కథ చెప్పేవాడు డేవిడ్, ఒక అమెరికన్ యువకుడు. అయిదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. తండ్రి తాగుతాడు, ఆడవాళ్ల వెంట తిరుగుతాడు. మేనత్త, తండ్రి రాత్రిళ్లు పోట్లాడుకుంటుంటే గోడ అవతలి నుంచి విని పెరిగాడు. కొడుకు "మగాడిలా" ఎదగాలన్నది తండ్రి కోరిక. టీనేజీలో డేవిడ్‌కు జోయి అనే స్నేహితుడు ఉండేవాడు. ఒక రాత్రి ఇద్దరూ దగ్గరయ్యారు. అది డేవిడ్‌కు సంతోషాన్ని ఇచ్చింది. తెల్లారేసరికి ఆ సంతోషమే భయంగా మారింది. జోయిని తప్పించుకు తిరిగాడు. తర్వాత మొరటు కుర్రాళ్ల గుంపులో చేరి అదే జోయిని ఏడిపించాడు. చివరికి జోయి అక్కడి నుంచి వెళ్లిపోయాడు.

పెద్దయ్యాక డేవిడ్ పారిస్ వచ్చాడు. హెల్లా అనే అమ్మాయిని పెళ్లి చేసుకుంటానన్నాడు. ఆలోచించుకోవడానికి ఆమె స్పెయిన్ వెళ్లింది. ఆ సమయంలో ఒక బారులో పనిచేసే ఇటలీ యువకుడు జొవానీ పరిచయమయ్యాడు. జొవానీకీ ఒక గతం ఉంది. తన పల్లెలో ఒక అమ్మాయితో కాపురం చేశాడు, బిడ్డ చనిపోయి పుట్టింది. ఆ దుఃఖంలో దేవుణ్ణి తిట్టి ఊరు విడిచి వచ్చాడు. నగరం చివర, కిటికీ అద్దాలకు తెల్లపూత పూసిన ఒక చిన్న పనివాళ్ల గదిలో ఉంటాడు. డేవిడ్ ఆ గదిలోకి చేరాడు. ఇద్దరూ ప్రేమించుకున్నారు. గదిని ఇల్లుగా మార్చాలని జొవానీ గోడలో ఇటుకలు పీకి అలమర కడుతుంటాడు. డేవిడ్‌కు మాత్రం ఆ గది రోజురోజుకూ బోనులా తోస్తుంది.

బారు యజమాని గియోమ్ జొవానీని తన కోరికకు లొంగమన్నాడు. లొంగకపోతే అందరి ముందూ దొంగ అని నిందవేసి పనిలోంచి తీసేశాడు. సరిగ్గా అప్పుడే హెల్లా తిరిగి వచ్చింది. డేవిడ్ ఒక్క మాటైనా చెప్పకుండా ఆమె దగ్గరికి వెళ్లిపోయాడు. మూడు రోజులు జొవానీ ఆ గదిలో ఎదురుచూశాడు. తర్వాత అతని బతుకు దిగజారింది. ఆకలికి తాళలేక మళ్లీ పని అడగడానికి గియోమ్ దగ్గరికే వెళ్లాడు. గియోమ్ అతన్ని వాడుకుని, పని ఇవ్వనన్నాడు. జొవానీ అతని గొంతు బిగించి చంపేశాడు. పోలీసులు పట్టుకున్నారు, గిలటిన్ శిక్ష పడింది. జొవానీ తల తెగే రోజుకు ముందు రాత్రి, ఫ్రాన్స్ దక్షిణాన ఒక అద్దె ఇంట్లో ఒంటరిగా కూర్చుని డేవిడ్ ఈ కథంతా చెబుతున్నాడు. నిజం తెలిసి హెల్లా కూడా వెళ్లిపోయింది.

ఇందులో మంచివాళ్లెవరూ లేరు. డేవిడ్ పిరికివాడు, అబద్ధాలకోరు. జొవానీ హంతకుడు. అయినా పుస్తకం మూసేసరికి ఇద్దరి మీదా దుఃఖం కలుగుతుంది. ఇది రచయిత మనల్ని మోసం చేయడమా? లేక మనం నేర్చుకోవాల్సిన చూపా?

ముందు ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. కారణం చెప్పడం వేరు, మాఫీ చేయడం వేరు. తల్లి లేకపోవడం, తండ్రి మాటలు, నేరమనే చట్టం, పాపమనే సమాజం, ఇవన్నీ డేవిడ్‌లో భయాన్ని పెట్టాయి. ఆ భయం అతను కోరి తెచ్చుకున్నది కాదు. దానికి అతన్ని తప్పుపట్టలేం. కానీ భయపడటం ఒక పని, ఆ భయాన్ని జోయి నెత్తిన రుద్దడం ఇంకో పని. మొదటిది అతనికి జరిగింది. రెండోది అతను చేసింది. గతం మొదటిదాన్ని పూర్తిగా వివరిస్తుంది. రెండోదాన్ని కొంతవరకే వివరిస్తుంది. ఆ మిగిలిన భాగమే అతని బాధ్యత.

ఆ మిగిలిన భాగం ఎంతో ఎలా కొలవాలి? మాకు తోచిన కొలత ఇది: ఆ సమయంలో అతనికి ఎంత చోటు ఉంది? 1950ల నాటి ప్రపంచంలో, జొవానీతో కలిసి తలెత్తుకుని బతకగలిగేంత చోటు డేవిడ్‌కు లేకపోవచ్చు. చట్టాన్ని మార్చేంత బలం అతనికి లేదు. అది అతని తప్పు కాదు. కానీ "నేను వెళ్తున్నాను" అని జొవానీ ముఖం చూసి చెప్పేంత చోటు అతనికి ఉంది. హెల్లాకు నిజం చెప్పేంత చోటూ ఉంది. ఉన్న చోటును వాడుకోకపోవడమే అతని తప్పు.

ఇద్దరికీ ఉన్న చోటు సమానం కాదని కూడా గమనించాలి. డేవిడ్‌కు అమెరికాలో తండ్రి డబ్బు ఉంది, తిరిగి వెళ్లడానికి దేశం ఉంది. జొవానీ పరాయి దేశంలో కూలివాడు. పని పోతే అన్నీ పోయినట్టే. ఇద్దరూ బాధపడ్డారు నిజమే, కానీ ఒకరికి తలుపులు తెరిచి ఉన్నాయి, మరొకరికి మూసుకున్నాయి. ఎవరికి ఎక్కువ తలుపులు ఉన్నాయో వారి జవాబుదారీ కూడా ఎక్కువ. జొవానీ చేసిన హత్య హత్యే, దాన్ని కడిగేయలేం. కానీ ఆ హత్య దాకా నడిచిన దారిలో గియోమ్ అడుగులున్నాయి, డేవిడ్ అడుగులున్నాయి. కోర్టు ఒక్కడికే శిక్ష వేసింది. పత్రికలు గియోమ్‌ను గొప్ప వంశస్థుడని, జొవానీని పరదేశి అని రాశాయి. ఇలాంటి వార్తలు ఎలా రాస్తారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడే ఈ నవల మన గడపలోకి వస్తుంది. మన గురించి బయటివాళ్లు మంచిగా రాసినప్పుడు వాడే మాట ఏమిటో గుర్తు చేసుకోండి: "అమాయక గిరిజనులు." దయతోనే అంటారు. కానీ ఆ మాటలో ఒక షరతు దాగి ఉంది. అమాయకుడిగా ఉన్నంతకాలమే జాలి. అదే గిరిజనుడు తాగి గొడవ చేస్తే, అప్పు ఎగ్గొడితే, ఆఫీసులో ఎదురు ప్రశ్న వేస్తే, "వీళ్లింతే" అంటారు. నిన్నటి అమాయకుడు ఈరోజు అనాగరికుడు అవుతాడు. హక్కు అలాంటిది కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతుంది. ఆ గిరిజనుడు మంచివాడా, తాగుబోతా అని అది అడగదు. హక్కు మంచితనానికి ఇచ్చే బహుమతి కాదు, మనిషిగా ఉన్నందుకు దక్కేది.

మగవాణ్ణి ప్రేమించే మగవాడి విషయంలోనూ అంతే. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ వారిని నేరస్తులుగా చూసింది. ఇష్టపడి కలిసే వయోజనులకు ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది. ఆ తీర్పు గుణవంతులకే పరిమితం కాదు. డేవిడ్ లాంటి పిరికివాడికీ వర్తిస్తుంది, జొవానీ లాంటి కోపిష్ఠికీ వర్తిస్తుంది. వారి ప్రేమ నేరం కాదు. వారు చేసిన మోసం, హింస మాత్రం అందరివి ఎలా లెక్కలోకి వస్తాయో అలాగే లెక్కలోకి వస్తాయి.

చరిత్రలో మనల్ని, వారిని ఒకే కాగితం మీద రాసిన సంగతి కూడా యువత తెలుసుకోవాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్త తెగల చట్టంలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటి భాగం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా నమోదు చేయడానికి. రెండో భాగం హిజ్రాలను నమోదు చేసి నిఘా పెట్టడానికి. 1911 చట్టంతో ఈ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన ఎరుకలవారు స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో హాజరు వేయించుకుంటూ బతికారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ఏ తప్పూ చేయకముందే, పుట్టుకను బట్టో నడకను బట్టో మనిషిని నేరస్తుడని రాసిపెట్టడం ఎలా ఉంటుందో మన పెద్దలకు తెలుసు. ఆ బాధ తెలిసినవాళ్లం ఆ పనే మరొకరికి చేయడం తగునా?

ఇప్పుడు ఒక అభ్యంతరం. "ఇప్పటికే నిందలు మోస్తున్నవాళ్ల గురించి రాసేటప్పుడు మంచివాళ్లను చూపించాలి గదా? పిరికివాణ్ణి, హంతకుణ్ణి చూపిస్తే, చూశారా వీళ్లింతే అని లోకం అనదా?" ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. ఆదివాసీ రచయితలుగా మనమూ రోజూ ఎదుర్కొనేదే. మన తాగుడు గురించి, చేతబడి అనుమానంతో జరిగే హత్యల గురించి, ఆడపిల్లకు ఆస్తి ఇవ్వకపోవడం గురించి రాయాలా వద్దా? రాస్తే బయటివాడికి ఆయుధం ఇచ్చినట్టు. రాయకపోతే లోపల దెబ్బలు తింటున్నవాళ్ల నోరు నొక్కినట్టు.

మా సమాధానం ఇది. పోలీసు రికార్డూ మనిషి తప్పును రాస్తుంది, నవలా రాస్తుంది. రికార్డు "ఏం చేశాడు" దగ్గర ఆగిపోతుంది. నవల "ఎలా అక్కడికి వచ్చాడు, దారిలో ఇంకెవరెవరి చేతులున్నాయి, ఎక్కడ ఆగి ఉండవచ్చు" అని అడుగుతుంది. రికార్డు చదివినవాడికి అసహ్యం మిగులుతుంది. నవల చదివినవాడికి ప్రశ్న మిగులుతుంది, అది తన మీదికి కూడా తిరుగుతుంది. కాబట్టి లోపాలు రాయాలా వద్దా అన్నదాని కంటే, ఎలా రాయాలి అన్నదే అసలు విషయం. మచ్చలేని బొమ్మను గీసి చూపిస్తే లోకం కాసేపు మెచ్చుకుంటుంది. ఆ బొమ్మలా లేని మన పిల్లలు మాత్రం తమలో ఏదో లోపం ఉందని కుంగిపోతారు.

నవల మొదటి పేజీలోనే డేవిడ్ కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుంటూ, తన పూర్వీకులు ఒక ఖండాన్ని జయించారని తలుచుకుంటాడు. ఆ ఖండంలో అప్పటికే మూలవాసులు ఉన్నారు. వాళ్లు మనలాంటివాళ్లు. అంటే డేవిడ్ భూములు లాక్కున్నవారి వారసుడు. అదే డేవిడ్ తన ప్రేమ విషయంలో చట్టానికి దొరక్కుండా దాక్కోవాల్సినవాడు. ఒకే మనిషి ఒక వైపు తొక్కేవాడు, ఇంకో వైపు తొక్కబడేవాడు. ఈ సంగతి నల్లజాతి రచయిత కలం నుంచి రావడం ఊరికే కాదు. తెల్లవాడి భయాన్ని లోపలి నుంచి చూడగలిగినవాడే దాన్ని అలా రాయగలడు.

మనం కూడా ఆ అద్దంలో చూసుకోవాలి. ఆఫీసు మెట్ల దగ్గర రోజంతా నిలబెట్టి అవమానిస్తే, ఆ కోపం ఇంటికొచ్చి భార్య మీద చూపించే అన్నలు మనలో లేరా? పట్నం కాలేజీలో మన యాసను వెక్కిరిస్తే ఏడ్చిన కుర్రాడే, సెలవులకు హాస్టల్‌కు వచ్చి, మెత్తగా నడిచే తమ్ముణ్ణి "ఆడంగి" అని పిలవడం మనం చూడలేదా? ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. పేరు పెట్టి పిలవడంతో మొదలవుతుంది. పక్కన పడుకోనివ్వరు, ఆటలో చేర్చుకోరు. ఒకరోజు ఆ పిల్లాడి పెట్టె ఖాళీగా ఉంటుంది. రిజిస్టరులో "డ్రాపౌట్" అని రాస్తాం. కారణం గడిలో "ఇంటి పరిస్థితులు" అని రాస్తాం.

డేవిడ్, జోయిల కథను ఉపాధ్యాయులం ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. ఇలాంటి సంగతి మన దృష్టికి వస్తే మనం ఏది తప్పుగా చూస్తాం? ఇద్దరు పిల్లల మధ్య పుట్టిన ఇష్టాన్నే తప్పు అంటాం, తల్లిదండ్రులను పిలిపిస్తాం, పదిమందిలో పరువు తీస్తాం. నవలలో ఆ రాత్రి ఎవరికీ హాని జరగలేదు. హాని మర్నాడు మొదలైంది, ఒకడు రెండోవాణ్ణి గుంపుతో కలిసి ఏడిపించినప్పుడు. ఎవరైనా ఒక పెద్దమనిషి ఆ వయసులో డేవిడ్ భుజం మీద చెయ్యేసి, "నీలో చెడ్డదేమీ లేదు, కానీ జోయిని అలా ఏడిపించడం చెడ్డ పని" అని చెప్పి ఉంటే, తర్వాతి కథంతా అలాగే జరిగేదని మనం అనుకోం. ఆ ఒక్క వాక్యంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం లేకుండా రెండోది చెబితే పిల్లాడు ముడుచుకుపోతాడు. రెండోది లేకుండా మొదటిది చెబితే తను గాయపరచినవాడు కనిపించకుండా పోతాడు.

"ఇదంతా పట్నం జబ్బు, మనలో లేదు" అనేవారున్నారు. "మన పూర్వీకులు అన్నిటినీ ఒప్పుకున్నారు" అనేవారూ ఉన్నారు. ఈ తగవు తేలేదాకా తరగతిలో కూర్చున్న పిల్లాడు ఆగలేడు. వాడి గౌరవం తాతల కాలంలో ఏం జరిగిందన్నదాని మీద ఆధారపడకూడదు. "పోడు, అడవి, నిర్వాసితుల సమస్య ఉండగా ఇదెందుకు" అనేవారికీ ఒక మాట. నల్లవాడు నల్లవారి గురించే రాయాలని బాల్డ్విన్‌కు గీత గీశారు. ఆదివాసీ భూమి గురించే మాట్లాడాలని మనకూ గీత గీస్తారు. భూమి గురించి మాట్లాడతాం, వదలం. కానీ మనిషికి సంబంధించిన ఏ ప్రశ్న అయినా మనది కూడా. మన పిల్లల బతుక్కి సంబంధించినదైతే మరీనూ.

మొదట్లో చెప్పిన రెండు మాటలను కలిపి పట్టుకునే దారి మన ఆచారంలో ఒకటి ఉంది. తప్పు చేసినవాడు పెద్దల ముందు ఒప్పుకుని తప్పు కడతాడు. ఆ తర్వాత అందరితో కలిసి భోజనానికి కూర్చుంటాడు. చేసింది తప్పేనని తేలింది, దానికి మూల్యం చెల్లింది, మనిషి మాత్రం మనవాడుగానే మిగిలాడు. మాఫీకీ వెలికీ మధ్య ఉన్న దారి ఇది. నవలలో ఈ దారి ఎవరికీ దొరకలేదు. జొవానీకి తిరిగిరాలేని శిక్ష పడింది. డేవిడ్‌కు ఏ శిక్షా లేదు, తప్పు కట్టడానికి ఎదురుగా మనిషీ లేడు. రాత్రంతా తనలో తానే చెప్పుకున్నాడు. ఎవరికైతే చెప్పాలో వాళ్లకు చెప్పలేదు. అందుకే అతని పశ్చాత్తాపం ఎవరికీ పనికిరాలేదు.

మన ఆచారాన్ని ఆకాశానికెత్తనక్కర్లేదు. అదే పంచాయతీలు వెలి వేయడమూ ఉంది, పేదవాడి మీద మోయలేని తప్పు వేయడమూ ఉంది, ఆడవాళ్ల మాట వినకపోవడమూ ఉంది. ప్రేమించడాన్నే తప్పుగా లెక్కగట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆచారంలోని ఎముకను తీసుకుని, కుళ్లిన మాంసాన్ని వదిలేయడం మన తరం పని. ఎవరికి హాని జరిగిందో వారి మాట ముందు వినాలి. హాని లేనిచోట తప్పు వెతకకూడదు. హాని ఉన్నచోట గతాన్ని అడ్డుపెట్టి దాటవేయకూడదు. మూల్యం చెల్లించినవాడికి పంక్తిలో చోటు ఇవ్వాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీలో చాలామందికి కష్టమైన గతం ఉంది. దాని గురించి సిగ్గుపడకండి, దాచుకోకండి. అది మీరు ఎక్కడి నుంచి వచ్చారో చెబుతుంది. రేపు మీ పక్కవాడితో ఎలా ఉంటారన్నది మాత్రం అది నిర్ణయించకూడదు. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ ఏడాది మీ హాస్టల్‌లో ఏ పిల్లాడికైనా పేరు పెట్టి ఏడిపిస్తున్నారేమో చూడండి. పేరు పెట్టినవాణ్ణీ, పేరు మోస్తున్నవాణ్ణీ ఇద్దర్నీ విడివిడిగా పిలిచి మాట్లాడండి. ఒకడికి ధైర్యం చెప్పాలి, ఇంకొకడికి బాధ్యత చెప్పాలి. ఇద్దరూ మన పిల్లలే.